దాని ఇంటిపేరు తేలిందా, సారూ?

పోయిన వారం వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు వైపు వెళ్లే బండి కోసం నిలబడి ఉంటే, భుజాన నల్లగొంగడి మడిచి వేసుకున్న ఒక మనిషి నా ఎదురుగా వచ్చి ఆగాడు. కాసేపు మొహంలోకి చూసి, "బొక్కల సారువు నువ్వేనా?" అన్నాడు. ఉద్యోగంలో నాకు ఒకటి రెండు హోదాలు వచ్చాయి గానీ, పెద్దేముల్ చుట్టుపక్కల మాత్రం నేను ఇప్పటికీ బొక్కల సారునే, అంటే ఎముకల సారునే. అవునన్నాను.

"అవ్వ పోయింది సారూ. కందులు కోసెటప్పుడు. గొర్లను దొడ్లెకు తోలి, మంచంల కూసోని, గట్లనే ఒరిగింది."

అప్పుడు గుర్తుపట్టాను. ఆమె కొడుకు. మీసం నెరిసింది. పోయేముందు ఏమన్నా అన్నదా అని అడగడం మనకు అలవాటు కదా, అడిగాను.

"బొక్కల సారు గనవడితె అడుగుమన్నది," అని నవ్వాడు. ఏమడగమన్నదో అతను చెప్పలేదు. చెప్పక్కరలేదని ఇద్దరికీ తెలుసు.

బండి వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని తాండూరు దాకా నేను ఆమె గురించే ఆలోచించాను.

ఆమెకు పేరు లేక కాదు. ఊళ్లో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పెద్దకూ చిన్నకూ ఆమె అవ్వే. కురుమల ఇంటి ఆడమనిషి. పొడుగు. మందతో నడిస్తే గొర్రెల కన్నా ముందుండేది. నోట్లో చుట్ట, చేతిలో కదురు. మాట్లాడుతున్నా, తిడుతున్నా, మబ్బుల వంక చూస్తున్నా ఆ కదురు తిరుగుతూనే ఉండేది, నల్ల ఉన్ని నూలై దానికి చుట్టుకుంటూనే ఉండేది. కదురు ఆగిందంటే మాత్రం ఎదుటివాడు కాస్త వెనక్కి జరగడం మంచిది.

జంతువును వేలితో చూపేది కాదు. గడ్డంతో చూపేది. వేలు చూపితే దిష్టి తగులుతుందట. లెక్కపెట్టనిచ్చేదీ కాదు. "మందలో ఎన్ని ఉంటాయి అవ్వా?" అని మొదటిరోజే అమాయకంగా అడిగాను.

"నీ పిల్లలెందరని ఎవలన్న ఏలువెట్టి లెక్కవెడ్తర?" అంది.

నాకు అప్పటికి పెళ్లే కాలేదు. ఆ సంగతి చెబితే, "గందుకే ఎర్కలేదు," అని క్షమించేసింది.

భూమి పొరలు చూసి ఏ రాయి ఎక్కడుందో రాసుకునే సర్వేలో నేనప్పుడు కొత్తగా చేరిన తాత్కాలిక సహాయకుణ్ణి. మా డేరాలు తాండూరు బయట బండల గనుల పక్కన ఉండేవి. పని ఇంకొన్ని నెలల్లో అయిపోతుంది, దాంతోపాటు నా ఉద్యోగమూ అయిపోతుందని అందరూ సానుభూతిగా చూస్తున్న రోజులు. అలాంటప్పుడు ఒక బండివాడు వచ్చి, పెద్దేముల్ దగ్గర కురుమల అవ్వ తవ్విస్తున్న బావిలో ఏనుగు బొక్క పడిందని చెప్పాడు. సైకిల్ తీసుకుని వెళ్లాను.

ఆ బావి మామూలు బావి కాదు, ఆమెకు. దాని వెనక పెద్ద కథ ఉంది. ఎండాకాలంలో వాగు ఎండితే గొర్రెలకు నీళ్లు పటేలు బావి దగ్గరే. పటేలు ఎడ్లు తాగాలి, బర్రెలు తాగాలి, జీతగాళ్లు తొట్టి కడగాలి, ఆ తర్వాత గొర్రెలు. ఒకసారి ఆమె పెనిమిటి మంద దాహానికి ఆగలేక తొట్టి మీద పడితే, గొర్రె చొంగ పడ్డ తొట్టిలో మా ఎడ్లు మూతి పెట్టవని పటేలు నలుగురిలో అతన్ని మెడబట్టి వెనక్కి తోశాడట. అది రజాకార్ల యేటికి ముందు సంగతి. ఆ గొడవల యేడు మంద సగమైంది, మరుసటేడు మనిషి పోయాడు. పోయేముందు, మనదీ ఒక బాయి ఉండాలె అన్నాడట. అంతే. మంద మళ్లీ పెరిగేదాకా పదేళ్లకు పైగా ఆగి, మంచి పొట్టేళ్లు అమ్మి, వడ్డెరలను పిలిపించి ఆమె తవ్వించడం మొదలుపెట్టింది. నల్లరేగడి దాటి, మొరం దాటి, బూడిదరంగు బంకమట్టి తగిలింది. నీళ్లు తగలాల్సిన చోట ఎముక తగిలింది.

నేను దిగి చూశాను. తొడ ఎముక ఒకటి అడ్డంగా పడి ఉంది, నా నడుమెత్తు పొడుగు బయటికి కనిపిస్తోంది, మిగతాది మట్టిలో. దాని పక్కన వరసగా పెద్ద పెద్ద మెడపూసలు. పట్టి చూస్తే రాయి. చూస్తే ఎముక. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూశాను, అంతే. పొడుగుమెడ, పొడుగుతోక, నాలుగు స్తంభాల కాళ్లు, చిన్న తల. నేను నిలబడ్డది దాని మెడ పక్కన.

పైన గట్టు మీద ఊరంతా చేరి ఉంది. నిజాం ఏనుగు అన్నవాడు ఒకడు, రాక్షసి అన్నది ఒకతె. పటేలు మాత్రం గంభీరంగా, ఇది బసవన్న, గద్దె కట్టి మొక్కాలి, బావి ఆపాలి అన్నాడు. ఆయన భక్తి ఎప్పుడు మేలుకోవాలో దానికి బాగా తెలుసు. అవ్వ ఎవరి మాటా వినలేదు. కదురు తిప్పుతూ నన్ను చూసి, "ఏం సారూ, నీళ్లకింక ఎంత లోతు?" అంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

మరునాడు హైదరాబాద్ నుంచి మా పెద్ద సారు జీపులో వచ్చాడు. నిచ్చెన దిగి, ఎముకను తడిమి, కళ్లజోడు తుడుచుకుని పైకి వచ్చాడు. చాలా మంచివాడు. జనానికి విజ్ఞానం చెప్పాలన్న ఉత్సాహం ఉన్నవాడు. "భయపడకండి. ఇది రాక్షసీ కాదు, ఏనుగూ కాదు. కోట్ల ఏళ్ల కిందట బతికిన బల్లి జాతి జంతువు," అన్నాడు.

ఆ మాటతో గట్టు మీద గుసగుసలు ఆగిపోయాయి. కూరలో బల్లి పడితే కుండతో సహా పారబోసే ఊరది. మీద బల్లి పడితే తలస్నానం చేసి దీపం పెట్టేదాకా నీళ్లు ముట్టని ఊరది. ఇంత బల్లి చచ్చిన బావి నీళ్లు ఎవరు తాగుతారు? వడ్డెరల మేస్త్రి గడ్డపారలు పైకి లాగించాడు. ఆడవాళ్లు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. పటేలుకు బసవన్న అక్కడే మరుపుకొచ్చాడు. "ఇసపు బాయి. గొడ్డు తాగినా సస్తది. పూడ్పిచ్చుడే," అన్నాడు.

అవ్వ కదురు ఆగింది.

పెద్ద సారుకు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆయన జాతుల గురించి ఇంకా చెబుతున్నాడు. అవ్వ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. బహుశా ఆయన ప్యాంటు మరీ తెల్లగా ఉందని కావచ్చు. నాది బురదగా ఉంది.

"ఏం తింటుండె అది?" అని అడిగింది.

"ఆకులు, అవ్వా. చెట్ల కొమ్మలు, గడ్డీ గాదం."

"పురుగు?"

"తినదు."

"మాంసం?"

"ముట్టదు. ఉత్త ఆకులే."

"అబద్ధమాడకు. సదువుకున్నోనివి. నా బాయి మీద ఒట్టేసి చెప్పు."

దాని పళ్లు అక్కడ దొరకలేదు. కానీ ఆ మెడ, ఆ కాళ్లు ఏ గుంపువో నేనూ చదివాను, పెద్ద సారూ తల ఊపాడు. ఒట్టేసి చెప్పాను. అప్పుడు ఆమె గట్టు మీదున్న వాళ్లందరికీ వినబడేలా అరిచింది.

"ఇన్నరా? బల్లి పురుగు తింటది. గిది ఆకు తిన్నది. మేక తినేదే తిన్నది. మేక పడి సచ్చిన బాయిని ఎవలన్న ఇడిశిపెట్టిన్రా గీ ఊర్ల? నీళ్లు తోడిపోసి, పసుపేసి తాగుతలేమా? గిది మందల జీవం. తప్పిపోయి నా జాగల సచ్చింది. గంతే."

పెద్ద సారు ఏదో అనబోయాడు. శాస్త్రం ప్రకారం తిండిని బట్టి జాతి తేల్చడం కుదరదు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. నా జీవితంలో పైఅధికారిని చెయ్యి పట్టుకుని ఆపడం అదొక్కసారే.

వడ్డెర మేస్త్రి, బొక్కలన్నీ తీసేస్తే తవ్వుతానన్నాడు. ఒక్క ముక్క ఉన్నా చెయ్యి పెట్టనన్నాడు. అక్కడే అసలు చిక్కు. ఆ ఎముకలను పారతో ఎత్తి పోయలేము. కుంచెతో మట్టి తుడవాలి, గోనెపట్టీలు ప్లాస్టర్‌లో ముంచి చుట్టాలి, ఆరనివ్వాలి, తిప్పాలి, మళ్లీ చుట్టాలి. ఎండాకాలమంతా పడుతుంది. అంటే ఆ ఎండాకాలం ఆమెకు బావి లేదు. అంటే పటేలు తొట్టి.

ఈ మాట ఆమెకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. రాత్రికి రాత్రి పగలగొట్టి పారేయించుకున్నా ఆమెను అడిగేవాడు లేడు. భూమి ఆమెది, బావి ఆమెది. ఆమె గుంతలోకి ఒకసారి తొంగి చూసింది.

"గొర్రె కాలిరిగితె కట్టు కట్టి మోస్కస్తం. తొందరున్నదని కాలు కోసుకస్తమా? తియ్యి. మంచిగ తియ్యి," అని కదురు మళ్లీ తిప్పింది.

ఆ ఎండాకాలం నేను మరిచిపోలేదు. ఒకరోజు మధ్యాహ్నం ప్లాస్టర్ సంచులు సైకిల్‌కు కట్టుకుని వస్తుంటే పటేలు బావి దగ్గర ఆమె మందతో నిలబడి ఉంది. గొంగడి నెత్తిన కప్పుకుంది. ఎడ్లు తాగాయి, బర్రెలు తాగాయి. జీతగాడు తొట్టి కడుగుతున్నాడు, కావాలనే మెల్లగా కడుగుతున్నాడు. గొర్రెలు నాలుకలు బయటపెట్టి ఒకదాని పొట్ట నీడలో ఇంకొకటి తల దూర్చి నిలబడ్డాయి. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఉన్ని వడుకుతోంది. నేను సైకిల్ దిగాను. తల దించుకున్నాను.

"గీడ నిలవడుడు నాకు కొత్తనా? పో, నీ పని చూస్కో పో," అంది. నేను కదలకపోతే కాస్త మెత్తగా, "జర జల్ది తియ్యి కొడుకా, గంతే," అంది.

అప్పటిదాకా సారునే. ఆ రోజు కొడుకునయ్యాను. ఆ వేసవిలో కొన్ని గొర్రెపిల్లలు దక్కలేదని చాలాకాలం తర్వాత ఆమె కోడలు చెబితే తెలిసింది. ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడు గుంత దగ్గరికి వచ్చినా జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చేది. నేను తింటుంటే ఆ జంతువు కాళ్ల వైపు గడ్డం చూపి, మెడ వైపు గడ్డం చూపి, ప్రశ్నలు అడిగేది.

"నెమరేస్తుండెనా?"

"లేదవ్వా. గుటుక్కున మింగడమే."

"అయ్యో," అని నిజంగానే బాధపడింది. కూర్చుని నెమరు వేసుకునే సుఖం లేకుండా అంత ఒళ్లు ఎట్లా మోసిందో ఆమెకు అర్థం కాలేదు. మెడపూసల్లో గుల్లలు చూపించి, బరువు తగ్గడానికి అట్లా ఉంటాయని చెప్పాను. "దేవునికి దయ గలిగింది తియ్యి," అంది.

ఆ నెలల్లోనే మా పెద్ద సారుకూ, దూరం నుంచి వచ్చిన ఇంకో పండితుడికీ గొడవ మొదలైంది. తొడ ఎముక లావును బట్టి ఇది ఫలానా కుటుంబమని ఈయన. మెడపూసలు చూస్తే అంతకన్నా పాత కుటుంబమని ఆయన. డేరాలో పళ్లేలు పక్కకు తోసేసి వాదించుకునేవారు. అవ్వ ఒకసారి గుడారం బయట నిలబడి అంతా విని, ఏం పంచాయితీ అని నన్ను అడిగింది. ఇది ఏ కుటుంబానికి చెందిందో తేలడం లేదన్నాను.

"అంటె ఇంటిపేరా?"

"అట్లాంటిదే."

ఆమె పకపకా నవ్వింది. "మా కురుమలల్ల గూడ గంతే గద. ఉన్నికంకణపోల్లు, పత్తికంకణపోల్లు. పెండ్లిల చేతికి ఉన్ని దారం కట్టుకునేటోల్లు మేము, పత్తి దారం కట్టుకునేటోల్లు ఆల్లు. గా దారంకాడ ఎన్ని కొట్లాటలనుకున్నవ్? ఇద్దరు కాసేది గొర్లనే." పండితులిద్దరికీ ఆ మాట చెబుదామా అనుకుని, ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను.

తొలకరికి ముందే చివరి ఎముక పైకి వచ్చింది. ప్లాస్టర్ కట్లు కట్టిన ఎముకలను ఎడ్లబండ్ల మీద గడ్డి పరిచి ఎక్కిస్తున్నాం, తాండూరు స్టేషన్‌కు. అన్నిటికన్నా చిన్న మెడపూస ఒకటి గట్టిగానే ఉందని కట్టు కట్టకుండా ఉత్త గడ్డిలో పెట్టాం. అవ్వ కొంగున ఏదో దాచుకుని వచ్చింది. పసుపుకొమ్ము కట్టిన నల్ల ఉన్నిదారం. తన చేతులతో వడికింది. ఎవరినీ అడగలేదు. వంగి, ఆ పూస గుల్లలోంచి దారం దూర్చి ముడివేసింది.

"మీవోల్లు ఏ ఇంటిపేరన్న వెట్టుకోండ్రి. మంచిగ తేల్సుకోండ్రి, తొందర లేదు. తేలెదాంక గిది మా ఇంటిదే," అంది.

బండ్లు కదిలాయి. ఆమె బండి వెనక ఊరిపొలిమేర దాకా వచ్చింది. అల్లుడింటికి ఆడపిల్లను పంపినట్టే వచ్చింది.

మరుసటేడు బావి పూర్తయింది. నీళ్లు పడ్డనాడు నేను వెళ్లాను. ఊరంతా వచ్చి గట్టు మీద నిలబడింది గానీ ఎవరూ చెంబు ముంచలేదు. బల్లి అనే మాట అంత తొందరగా చచ్చేది కాదు. అవ్వ మొదటి బొక్కెన తొట్టిలో పోయించింది. గొర్రెలు వచ్చి మూతులు పెట్టాయి. ఇంకో బొక్కెన తోడి దోసిలి పట్టింది, గడగడా తాగింది, గడ్డం తుడుచుకుంది. "తియ్యగున్నయి," అని నాకు దోసిలి పట్టమంది. నేను తాగాను. నిజం చెప్పాలంటే కాస్త సున్నపు రుచి ఉంది. తియ్యగా ఉన్నాయనే చెప్పాను. సాయంత్రానికి ఊళ్లో సగం మంది తాగారు.

వాన ముఖం చాటేసిన ఒక యేడు పటేలు జీతగాడు ఎడ్లను తోలుకుని ఆ బావి దగ్గరికి వచ్చాడట. గొర్రెలు తొట్టి దగ్గర ఉన్నాయి. ఆగాలా అని వాడు దూరంగానే నిలబడితే, "ఎండల నిలవెట్టకుర గొడ్లను, తోల్కరా," అందట. ఊరు ఆ సంగతిని చాలా రోజులు చెప్పుకుంది. ఆమెను అడిగితే, "గొడ్లేం జేసినయి?" అని కదురు తిప్పింది.

ఆ ఎముకల వల్ల నా తాత్కాలికం మొదట ఇంకో యేడు సాగింది, తర్వాత శాశ్వతమైంది. నా పెళ్లి ఆ జీతం మీద అయింది, నా పిల్లలు ఆ జీతం మీద పెరుగుతున్నారు. మా అన్నం ఆమె దాహం మీద ఉడికిందని మా ఇంట్లో అందరికీ చెప్పాను. ఇందులో కవిత్వమేమీ లేదు. ఆమె ఒక్క మాట అని ఉంటే ఆ గుంతలో గడ్డపార దిగేది, నేను ఏ దుకాణంలోనో పద్దులు రాసుకుంటూ ఉండేవాణ్ణి.

ఆ తర్వాత కూడా నేను పని మీద తాండూరు వచ్చినప్పుడల్లా, సంతలో గొంగళ్లు అమ్ముకోవడానికి వచ్చిన ఆమె మా డేరాకో, ఆఫీసుకో వచ్చేది. కూర్చునేది కాదు. గుమ్మంలోనే నిలబడి అడిగేది. "దాని ఇంటిపేరు తేలిందా, సారూ?" నలుగురిలో మళ్లీ సారునే అయ్యేవాణ్ణి.

ఒకసారి, అది భూమ్మీద నడవలేనంత బరువు, నీళ్లలో మెడ దాకా మునిగి బతికేదని ఒకాయన అంటున్నాడని చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. "బర్రెనా అది?" అంది. బర్రెలంటే ఆమెకు మొదటినుంచీ చిన్నచూపే. ఇంకోసారి, అది ఒక జంతువు కాదు, రెండు వేర్వేరు జంతువుల ఎముకలు కలిసిపోయాయని ఇంకొకాయన రాశాడన్నాను. "కలిస్తె కలువనీ. మంద గద," అంది. మరోసారి, పెద్ద సారు తన మాట తానే వెనక్కి తీసుకున్నాడని చెప్పాను. అప్పుడు మాత్రం ఆయన మీద జాలిపడింది. "పాపం, మంచోడు. ఫికర్ జెయ్యకుమని చెప్పు. తేలుతది."

తాండూరులో పని చూసుకుని మొన్న హైదరాబాద్ చేరాను. నిన్న మా భద్రపరిచే గదిలోకి వెళ్లాను. కొత్తగా వచ్చిన అధికారి, కుర్రవాడు, చురుకైనవాడు, మన మెడపూసలను బల్ల మీద పేర్చుకుని భూతద్దంతో చూస్తున్నాడు. ముందువాళ్లంతా పొరబడ్డారేమోనని అతని అనుమానం. పాత రెండు కుటుంబాలూ కాదు, దీనికి వేరే కుటుంబమే కట్టాలేమో, ఇంకా చూడాలి అన్నాడు. నేను సంతోషంగా విన్నాను. అంత సంతోషం ఎందుకో అతనికి అర్థమయి ఉండదు.

అతని చేతిలో చిన్న పూస ఉంది. దాని గుల్లలో నల్ల ఉన్నిదారం. పసుపుకొమ్ము ఎండి నల్లబడింది గానీ ముడి అట్లాగే ఉంది. అతను బల్ల మీదున్న కత్తెర అందుకున్నాడు.

"ఈ మురికి దారం ఎవరు కట్టారండీ? తీసేద్దామా?"

ఆమె పోయిందన్న సంగతి నాకు నిజంగా అప్పుడే తెలిసినట్టయింది. అతని చేతిలోంచి పూసను మెల్లగా అందుకున్నాను.

"కుటుంబం ఇంకా తేలలేదన్నారు కదా సార్," అన్నాను. "తేలేదాకా ఉండనివ్వండి. అది వాళ్లింటిది."